లోపలికి రానివ్వని లాగిన్

భాగ్యను ఆ ఆసుపత్రిలో పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. నర్సుల నుంచి డాక్టర్ల దాకా అందరికీ ఆమె 'నెట్‌వర్క్ మేడం'. కంప్యూటర్ తెరుచుకోకపోయినా, ప్రింటర్ కాగితాన్ని నమిలేసినా, ఒక్కోసారి గోడమీద ఫ్యాను ఆగిపోయినా ఆమెకే ఫోన్ వెళ్ళేది. అమరాపురం దగ్గర ఒక మెట్ట పల్లెలో గొర్రెలు కాసే హనుమంతప్ప కూతురామె. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడుతూ పెరిగింది. హిందూపురంలో పాలిటెక్నిక్ చదివి, బెంగళూరులో కొన్నేళ్ళు ఒక కంపెనీలో పనిచేసి, కరోనా రోజుల్లో తిరిగొచ్చి ఈ ఉద్యోగంలో చేరింది. నవ్వడం తక్కువ, సరిచూసుకోవడం ఎక్కువ. తాళం వేసిన తలుపును కూడా ఇంకోసారి లాగి చూసే రకం.

ఆసుపత్రి డాక్టర్ రామమూర్తిది. హిందూపురంలో పెద్ద భవనం, పెనుకొండలో హైవే పక్కన చిన్న ఎమర్జెన్సీ వార్డు, స్కాన్ సెంటర్, ధర్మవరంలో ఒక క్లినిక్. మూడు చోట్ల తీసిన స్కాన్లూ హిందూపురంలోని ఒకే సర్వర్‌కు చేరతాయి. వాటిని చదివి రోగం ఏమిటో చెప్పే డాక్టర్ మాత్రం ఒక్కరే, సుచిత్ర. ఆమె ఇల్లు ధర్మవరంలో. కొన్ని రోజులు రైల్లో హిందూపురం వచ్చి చూస్తుంది, మిగతా రోజులు ఇంటి నుంచే చూస్తుంది. బిల్లింగ్, ఇన్సూరెన్సు వాళ్ళు కూడా అదే పద్ధతి. ఈ రోజు ఆఫీసు, రేపు ఇల్లు.

ఇబ్బంది ఆ మారడంలోనే ఉంది. ఆఫీసులో వాడిన ల్యాప్‌టాప్‌ను ఇంట్లో తెరిస్తే సిస్టం దాన్ని పరాయిదానిలా చూసేది. పాస్‌వర్డ్ కొట్టాలి, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ కొట్టాలి. ఆ తర్వాత కూడా భాగ్యో, ఆమె అసిస్టెంట్ అనిల్ కుమారో హిందూపురంలో తమ కంప్యూటర్ ముందు కూర్చుని 'సరే' అని నొక్కితే తప్ప తలుపు తెరుచుకోదు. ఆఫీసులో లాగౌట్ చేయడం మరిచిపోయి ఇంటికి వెళ్ళారంటే, మీరు ఇంకా ఆఫీసులోనే ఉన్నారు కదా అంటూ అసలు ముఖమే చూడదు. పొద్దున్నే భాగ్య ఫోన్ మోగడం మొదలయ్యేది.

"ఏం మేడం, నేను నేనే అని ఎన్నిసార్లు చెప్పల్ల దానికి?" అని ఇన్సూరెన్సు వాళ్ళు విసుక్కునేవాళ్ళు.

ఆ కట్టుదిట్టం పెట్టింది భాగ్యే. కారణం లేకుండా పెట్టలేదు. కిందటేడు ఎవరో బయటివాళ్ళు ఒక ఉద్యోగి పాస్‌వర్డ్‌తో లోపలికి దూరి రోగుల రికార్డులన్నీ మూసేశారు. రక్తం గ్రూపు తెలియదు, పాత స్కాన్ దొరకదు, డయాలసిస్ రోగి ఎప్పుడు వచ్చాడో చెప్పేవాడు లేడు. ఆ రోజుల్లో భాగ్య ఆసుపత్రిలోనే పడుకుంది. మళ్ళీ అలాంటిది జరగకూడదని ఒట్టు పెట్టుకున్నట్టు ఈ అడ్డుగోడ కట్టింది.

ఈ వేసవిలో రామమూర్తి ఆమెను పిలిపించాడు.

"ఏమ్మా, ఇంట్లోంచి పని చేసుకోండ్రా అని మనమే చెప్పి, మనమే తలుపు మూస్తే ఎట్ల? తీసేయ్ ఆ గొడవంతా."

"తీసేస్తే దొంగలకూ తీసేసినట్లే సార్. ఇంకో దారి ఉండాది. ప్రతి ల్యాప్‌టాప్‌కూ దానికే సొంతమైన గుర్తింపు ఒకటి వేస్తా. అది ఆఫీసులో తెరిచినా, ఇంట్లో తెరిచినా, రైల్లో తెరిచినా సిస్టమే గుర్తుపట్టి లోపలికి రానిస్తుంది. నేను నొక్కే పని ఉండదు. కొంచెం టైమియ్యండి."

ఇచ్చాడు. భాగ్య మొదట బిల్లింగ్ వాళ్ళ ల్యాప్‌టాప్‌లకు వేసి చూసింది. బాగానే పనిచేసింది. తర్వాత ఇన్సూరెన్సు. డాక్టర్లను చివరకు ఉంచింది. వాళ్ళ పని మధ్యలో ఏదైనా తేడా వస్తే ప్రాణాల మీదికి వస్తుందని ఆమె భయం. సుచిత్ర ఒకసారి అడిగింది కూడా. "నాదెప్పుడు భాగ్యా?" అంటే, "అన్నీ గట్టిగా చూసుకున్నాక మీదే మేడం" అంది.

అలా చూసుకుంటూ ఉండగానే ఆ మంగళవారం వచ్చింది.

పెనుకొండ సెంటర్‌లో పాతబడిన ఒక నెట్‌వర్క్ పెట్టె మార్చడానికి భాగ్య పొద్దున బస్సెక్కింది. అనిల్ కుమార్ ఆ రోజు సెలవు పెట్టి తిరుపతి దారిలో ఉన్నాడు. సుచిత్ర పొద్దున హిందూపురంలో పని చూసుకుని, మధ్యాహ్నం రైలుకు ధర్మవరం బయల్దేరింది. భాగ్య పని ముగించి చేతులు కడుక్కుంటుండగా బయట కేకలు వినిపించాయి.

కూలీలతో వస్తున్న ఆటో హైవే మీద పల్టీ కొట్టింది. 108 బండి ఇద్దరిని ఎక్కించుకుని హిందూపురం వెళ్ళిపోయింది. దెబ్బలు తగిలిన మరో ఇద్దరిని లారీవాళ్ళు ఇక్కడికి తెచ్చారు. ఒకతను కూలీల మేస్త్రీ, తొడ ఎముక విరిగి పెదవి కొరుక్కుంటున్నాడు. రెండో మనిషి సిద్ధమ్మ, సోమందేపల్లి వైపు పల్లె. యాభై దాటి ఉంటాయి. చెవి మీద చిన్న గాయం తప్ప పైకి ఏమీ కనబడలేదు. స్ట్రెచర్ మీద కూర్చుని మాట్లాడుతోంది.

"నాకేం కాలేదు సామీ. ఆ యప్పను చూడండి ముందు. నా సద్దిగిన్నె యాడ పడిపాయనో."

డ్యూటీ డాక్టర్ ప్రసాద్ చిన్నవాడే అయినా తొందరపడే మనిషి కాదు. ఇద్దరినీ చూశాడు. సిద్ధమ్మకు తల స్కాన్ తీయించాడు. స్క్రీన్ ముందు వంగి చాలాసేపు చూశాడు. పుర్రె అంచున సన్నటి తెల్లని నీడ ఒకటి ఉన్నట్టుంది, లేనట్టుంది.

"రక్తమేమో. కాకపోవచ్చు కూడా," అన్నాడు భాగ్యతో, పక్కన ఇంకెవరూ లేరు కాబట్టి. "ఇక్కడున్నది ఒకే అంబులెన్సు. మేస్త్రీ కాలికి రక్తం అందక చల్లబడతాంది. అతన్ని వెంటనే హిందూపురం పంపాలి. ఈమెకు నిజంగా తలలో రక్తమొస్తాంటే అనంతపురం పంపాలి, అది ఇంకా అర్జెంటు. ఒకటి దక్షిణం, ఒకటి ఉత్తరం. సుచిత్ర మేడం చూసి చెబితే గానీ నేను తేల్చలేను."

ఇంకో అంబులెన్సు కోసం ధర్మవరం క్లినిక్‌కు అప్పటికే ఫోన్ చేశాడు. అది బయల్దేరింది గానీ రావడానికి టైం పడుతుంది. సుచిత్రకు ఫోన్ కలిపాడు. ఆమె అప్పుడే ఇంట్లో అడుగుపెట్టింది. చెప్పులు కూడా విప్పకుండా ల్యాప్‌టాప్ తెరిచినట్టుంది, జిప్పు చప్పుడు ఫోన్‌లో వినిపించింది. తర్వాత కీలు నొక్కుతున్న చప్పుడు.

"భాగ్య ఉందా అక్కడ?" అంది సుచిత్ర. "రానివ్వడం లేదు. నేనింకా హిందూపురంలోనే లాగిన్ అయి ఉన్నానంట."

రైలుకు టైమవుతుందని ఆమె లాగౌట్ చేయకుండానే మూత వేసుకుని వెళ్ళింది. భాగ్య తన ల్యాప్‌టాప్ తీసింది. పాస్‌వర్డ్ కొట్టింది, ఓటీపీ కొట్టింది. స్క్రీన్ మీద ఒక వాక్యం నిలబడింది: 'మీ అభ్యర్థన అనుమతి కోసం ఎదురుచూస్తోంది.' ఆ వాక్యం రాసింది ఆమే. పొద్దున హిందూపురంలో వాడిన ల్యాప్‌టాప్ పెనుకొండకు వచ్చేసరికి అది కూడా పరాయిదైపోయింది. తనకు తానే అనుమతి ఇచ్చుకోకూడదని నియమం పెట్టిందీ తనే. ఇవ్వగల రెండో మనిషి అనిల్ కుమార్. అతని ఫోన్ అందుబాటులో లేదని మూడు భాషల్లో చెబుతోంది.

భాగ్య ఇంకోసారి అతనికే కలిపింది. అదే మాట.

"ఫోటోలు తీసి పంపిస్తా మేడం," అని ప్రసాద్ స్క్రీన్‌ను ఫోన్‌తో ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టాడు. సుచిత్ర చూసింది. "ఫోటోలో స్క్రీన్ మెరుపు పడింది ప్రసాద్. అంచులే కనబడడం లేదు. దీన్ని చూసి నేను అవునన్నా తప్పే, కాదన్నా తప్పే. నాకు అసలు బొమ్మలు కావాలి."

అంబులెన్స్ డ్రైవర్ దేవసహాయం గుమ్మంలో నిలబడ్డాడు. "ఎవర్ని ఎక్కించల్ల సార్? ఇంజన్ ఆన్‌లోనే ఉండాది."

సిద్ధమ్మ ఆ మాట విని, "నన్నెందుకబ్బా, నేను ఇంటికి పోతా," అంది. తర్వాత కణత మీద చెయ్యి పెట్టుకుని, "తల దిమ్ముగా ఉండాది," అంది. ఆ మాట కొంచెం ముద్దగా వచ్చింది. ప్రసాద్ ఆమె కళ్ళలోకి టార్చి వేసి చూశాడు. అతని ముఖం మారింది.

హిందూపురంలో సర్వర్ ముందు ఈ అడ్డును నడిపే పెట్టె ఒకటి ఉంది, దాని తీగ పీకేయమంటే అడ్డు మొత్తం పోతుంది. ఎవరైనా లోపలికి రావచ్చు. ఎవరైనా. కిందటేటి రోజులు భాగ్య కళ్ళముందు తిరిగాయి. అది కాదు, అనుకుంది. ఇంకొకటి మిగిలింది. తన గదిలో తన కంప్యూటర్ ఉంది. దాని ముందు ఎవరైనా కూర్చోవాలి. కూర్చున్నవాళ్ళకు తన పాస్‌వర్డ్ చెప్పాలి. పాస్‌వర్డ్ కన్నతల్లికైనా చెప్పకూడదని ప్రతి మీటింగ్‌లో ఊదరగొట్టేది ఆమే. కొత్తగా చేరిన నర్సు ఒకామె చీటీ మీద రాసిచ్చిందని ఆమెను అందరి ముందూ తిట్టింది కూడా.

హిందూపురం రిసెప్షన్‌లో కూర్చునే సుకన్యకు ఫోన్ చేసింది.

"సుకన్యా, నా రూముకు పో. పరిగెత్తు. సెక్యూరిటీ దగ్గర తాళం తీసుకో. ఫోన్ కట్ చేయద్దు."

సుకన్య పరిగెత్తింది. చెప్పుల చప్పుడు, మెట్లు, ఎవరో "ఏమైంది పాపా" అనడం, తాళం తిరగడం వినిపించాయి. "కూసున్న్యా అక్కా. పాస్‌వర్డ్ అడగతాండాది."

స్కాన్ సెంటర్ వరండా నిండా జనం చేరారు. లారీ డ్రైవర్లు, మేస్త్రీ తమ్ముడు, ఆటోలో దెబ్బలు తగలకుండా బయటపడిన ఆడవాళ్ళు. గదిలో సిగ్నల్ తెగిపోతోందని భాగ్య వాళ్ళ మధ్యకే వచ్చి నిలబడింది. ఒక్కో అక్షరమూ గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు ఆమె పెంచిన గొర్రెపిల్ల పేరు అది, 'బొల్లి', దాని వెనక కొన్ని అంకెలు, గుర్తులు.

"తప్పంటాండాదక్కా."

"మొదటి అక్షరం పెద్దది."

"పెద్దదే కొట్టినా... మళ్ళీ తప్పంటాండాది."

భాగ్య ఆగిపోయింది. ఇంకొక్కసారి తప్పితే ఆ కంప్యూటర్ కూడా మూసుకుపోతుంది. అదీ ఆమె పెట్టిందే. లోపల సిద్ధమ్మ వాంతి చేసుకుంటున్న శబ్దం వినబడింది. "బిరీన కానీమ్మా," అన్నారెవరో వెనక నుంచి.

"సుకన్యా, విను. మళ్ళీ కొట్టు, ఎంటర్ నొక్కద్దు. పక్కనున్న కన్ను గుర్తు నొక్కితే అక్షరాలు కనబడతాయి. నువ్వు కొట్టింది ఒక్కొక్కటే నాకు చదువు."

సుకన్య చదివింది. అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివర్లో సున్నా బదులు ఇంగ్లీషు అక్షరం 'ఓ' కొట్టింది. "సున్నా పాపా, అంకెల్లో సున్నా." కొట్టింది. ఎంటర్.

"తెరుచుకునింది!"

"సుచిత్ర మేడం పేరు పక్కన రెండు గడులుంటాయి చూడు. ముందు ఎర్రది నొక్కు. అది ఆమె పాత లాగిన్ తీసేస్తుంది. పేరు మాయమై మళ్ళీ వచ్చేదాకా ఆగు. వచ్చినాకే పచ్చది."

ఎర్రది నొక్కింది. పేరు పోయింది. అది తిరిగి వచ్చేదాకా భాగ్య ఫోన్‌ను చెవికి అదిమిపట్టుకుని నిలబడింది.

"వచ్చిందక్కా. పచ్చది నొక్కినా."

ప్రసాద్ చేతిలో స్పీకర్ మీద పెట్టిన ఫోన్ లోంచి సుచిత్ర గొంతు వచ్చింది. "వచ్చాను. బొమ్మలు దిగుతున్నాయి... నెమ్మదిగా ఉంది... ఆగు." ఆమె ఇంటి పక్క మగ్గం చప్పుడు ఆ ఫోన్‌లో స్పష్టంగా వినబడుతోంది.

"ప్రసాద్! ఎడమ పక్క రక్తం గడ్డకడుతోంది. మెదడును పక్కకు నెడుతోంది. ఆమెను ముందు పంపు. అనంతపురం వాళ్ళతో నేను మాట్లాడతాను. ఇప్పుడే."

దేవసహాయం ఆ మాట పూర్తికాకముందే స్ట్రెచర్ పట్టుకున్నాడు. సిద్ధమ్మ అప్పటికి కళ్ళు తెరవడం లేదు. ప్రసాద్ ఆమెతో పాటే బండెక్కాడు. నర్సు మేస్త్రీ కాలికి కట్టు సరిచేస్తూ ఉండిపోయింది. ధర్మవరం బండి వచ్చి అతన్ని హిందూపురం తీసుకువెళ్ళేదాకా భాగ్య అతని పక్కనే స్టూలు మీద కూర్చుంది. తాను చేయగలిగింది ఇంకేమీ లేకపోయినా లేవలేకపోయింది.

సాయంత్రం హిందూపురం చేరగానే ముందు పాస్‌వర్డ్ మార్చింది. సుకన్య ఇంకా ఆమె గది బయటే నిలబడి ఉంది. "అక్కా, నేనెవరికీ చెప్పను," అంది. భాగ్య ఆ పిల్ల భుజం పట్టుకుంది.

సిద్ధమ్మకు ఆపరేషన్ జరిగింది. బతికింది. కానీ కుడి చెయ్యి పట్టు తప్పింది. మాట తడుముకుని వచ్చేది. మేస్త్రీ కాలు నిలబడింది.

మరో వారానికి సిద్ధమ్మ కొడుకు బసవరాజు ఆసుపత్రికి వచ్చాడు. నేరుగా రామమూర్తి గదికి వెళ్ళాడు. ప్రసాద్, భాగ్య అక్కడే ఉన్నారు.

"మా యమ్మ నడుస్తా వచ్చింది మీ కాడికి. మాట్లాడతా వచ్చింది. తీసిన స్కాన్ ముందర పెట్టుకుని అంతసేపు ఏం చేస్తాంటిరి? ఆడున్న ఎవరో ఆడమనిషి ఫోన్లో అరస్తా ఉన్నిందంట. మా ఊరి వాళ్ళు చెప్పినారు."

"చూడప్పా, కొన్ని టెక్నికల్ విషయాలుంటాయి..." అన్నాడు రామమూర్తి.

"అరిసింది నేనే," అంది భాగ్య. రామమూర్తి ఆమె వైపు గుర్రుగా చూశాడు. ఆమె ఆగలేదు. "స్కాన్ చదివే డాక్టరు ఆఫీసు నుంచి ఇంటికి పోయినారు. ఇంట్లో ఆమె ల్యాప్‌టాప్‌ను మా సిస్టం రానీలేదు. దొంగలు రాకుండా నేను పెట్టిన అడ్డు అది. ఆమెకు అడ్డమొచ్చింది. తీసేదానికి అంతసేపు పట్టింది."

బసవరాజు ఆమె వైపు తిరిగాడు. "ఆ సేపు లేకుంటే మా యమ్మ చెయ్యి నిలబడుండునా?"

భాగ్య ప్రసాద్ వైపు చూసింది. అతను తల దించుకున్నాడు. "తెలీదప్పా," అన్నాడు. "నిజంగా తెలీదు."

బసవరాజు ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయాడు. కేకలు వేసి ఉంటే బాగుండేది అనిపించింది భాగ్యకు. తలుపు మూసుకున్నాక రామమూర్తి మేజా మీద చరిచాడు. "అట్ల చెప్పేదా బయటి మనిషికి? కేసు పెడితే? రేపటికల్లా ఆ అడ్డంతా తీసేసేయ్, నాకొద్దు."

"తీసేయను సార్. ఈ వారం మీరు ఇంకే పనీ చెప్పొద్దు నాకు. డాక్టర్లందరి ల్యాప్‌టాప్‌లూ కొత్త పద్ధతికి మారుస్తా. చివర పెట్టిందే నేను చేసిన తప్పు. అది కాకపోతే అప్పుడు నన్నే తీసేయండి."

ఆమె గొంతు పెరగలేదు. ఆయన కుర్చీ తిప్పుకుని కిటికీ వైపు చూస్తూ, "చెయ్ పో," అన్నాడు.

ఆ వారమంతా భాగ్య రైళ్ళలోనే గడిపింది. హిందూపురంలో అక్కడి డాక్టర్లవి, పెనుకొండలో ప్రసాద్‌దీ, మిగతా ఇద్దరు డ్యూటీ డాక్టర్లవీ ముగించి, ధర్మవరంలో సుచిత్ర ఇంటికి చేరింది. గుర్తింపు వేయడానికి పెద్దగా పట్టలేదు. పరీక్షించడానికే పొద్దు గడిచిపోయింది. ఇంట్లో ఒక స్కాన్ తెరిచి, మూత వేసి, ఆటోలో క్లినిక్‌కు వెళ్ళి మళ్ళీ తెరిచారు. అదే స్కాన్, ఆపిన చోటే. ఎవరూ ఏమీ నొక్కలేదు. ఆటోలోనే ఫోన్ ఇంటర్నెట్ మీద తెరిచారు. వచ్చింది. తర్వాత భాగ్య గుర్తింపు లేని వేరే ల్యాప్‌టాప్‌లో సుచిత్ర చేతే ఆమె పాస్‌వర్డ్ కొట్టించి చూసింది. రానివ్వలేదు.

"ఇంక చాల్లే," అంది సుచిత్ర. "తిన్నావా పొద్దుట్నుంచి?"

"ఇంకొక్కసారి మేడం. కరెంటు పోయొచ్చినాక ఎట్లుంటుందో చూస్తా."

అంతా సాఫీగా సాగలేదు. మరుసటి సోమవారం ప్రసాద్ ల్యాప్‌టాప్ ఇంట్లో మొరాయించింది. బ్యాటరీ పూర్తిగా దిగిపోయి, అందులో తేదీ పాత సంవత్సరానికి వెళ్ళిపోయింది. గుర్తింపు చెల్లదని సిస్టం అనుకుంది. ఆ ఫోన్ వచ్చినప్పుడు భాగ్య ముందు అడిగింది రోగి ఎవరైనా ఉన్నారా అని. ఈసారి అవతల రోగి లేడు. అయినా ఆమె అదే రోజు ఇంకో ఏర్పాటు చేసింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మూడు చోట్లలో డ్యూటీలో ఉన్న డాక్టర్ ఎవరైనా తమ సొంత లాగిన్‌తోనే ఇంకొకరికి కొద్దిసేపు తలుపు తీయవచ్చు. తీసిన సంగతి ఆ క్షణమే అందరి ఫోన్లకూ వెళ్తుంది. ఎవరి పాస్‌వర్డూ ఎవరూ అరిచి చెప్పే పని లేదు.

సిద్ధమ్మను చూడడానికి వెళ్ళాలా వద్దా అని భాగ్య చాలా రోజులు ఊగిసలాడింది. ఒక ఆదివారం వెళ్ళింది. బసవరాజు ఇంటి ముందర మేకకు ఆకు కోస్తున్నాడు. చూశాడు, రమ్మనలేదు, పొమ్మనలేదు. సిద్ధమ్మ మంచం మీద కూర్చుని కుడి చేతిలో రబ్బరు బంతి పెట్టుకుని నొక్కడానికి ప్రయత్నిస్తోంది. వేళ్ళు సగం దాకా మూసుకుని వదిలేస్తున్నాయి.

"ఎవరు పాపా నువ్వు?"

"ఆసుపత్రిలో కంప్యూటర్లు చూస్తానమ్మా. ఆ పొద్దు నేనూ ఆడే ఉంటి."

సిద్ధమ్మ ఆలోచించింది. మాట కూడదీసుకోవడానికి ఆమెకు వ్యవధి కావాలి. "నాకు... గుర్తు లేదు. సద్దిగిన్నె పాయ. అదొకటి గుర్తుండాది."

భాగ్య ఆమె పక్కన కూర్చుంది. బంతి కింద పడితే తీసిచ్చింది. మళ్ళీ పడింది, మళ్ళీ తీసిచ్చింది. కాసేపటికి బసవరాజు లోపలికి వచ్చి, చెంబుతో నీళ్ళు తెచ్చి భాగ్య ముందు పెట్టాడు.

"ఇప్పుడు ఎవరన్నా తల పగిలి వస్తే?" అన్నాడు, గోడకేసి చూస్తూ.

"మొన్న ఒకతను వచ్చినాడు. డాక్టరమ్మ ఆ పొద్దు రైల్లో ఉండింది. రైల్లోనే చూసి చెప్పింది."

బసవరాజు తల ఊపాడు. అది మెచ్చుకోలో, కోపమో భాగ్యకు అర్థం కాలేదు. అడగలేదు. బస్సు టైమయ్యేదాకా సిద్ధమ్మ దగ్గరే కూర్చుని, తర్వాత లేచింది. "మళ్ళీ వస్తానమ్మా," అంటే, సిద్ధమ్మ ఎడమచేత్తో ఆమె చెయ్యి పట్టుకుని, "రా," అంది.

భాగ్య వెళ్తూనే ఉంది. వానలు పడే కాలానికి సిద్ధమ్మ కుడి చేత్తో చెంబు ఎత్తగలుగుతోంది. కొడవలి మాత్రం ఇంకా పట్టలేకపోతోంది.